గొంతు బిళ్లలకు కోత ఎప్పుడు? తొందర తగదు, ఉపేక్షా తగదు

కేతేపల్లి: వరి కోతలు ముగింపుకు వచ్చి, తెల్లవారుజామున మంచు పడటం మొదలైతే చాలు, మూసీ ఆయకట్టు గ్రామాల్లో పిల్లల గొంతులు పట్టేస్తాయి. బడికి పోవలసిన పిల్లవాడు జ్వరంతో మంచం పడతాడు. అన్నం ముద్ద దిగదు. ఉమ్మి మింగినా కళ్ల వెంట నీళ్లు వస్తాయి. కూలికి పోవలసిన తల్లి పని మానుకుని ఇంటి దగ్గర కూర్చుంటుంది. ఊరిలో సూది వేయిస్తే రెండు రోజులకు జ్వరం తగ్గుతుంది. నెల తిరగక ముందే మళ్లీ మొదలు. మూడోసారో, నాలుగోసారో వచ్చేసరికి ఇంట్లో ఒక మాట పుడుతుంది: ‘ఆ బిళ్లలు కోయిస్తే పీడా పోతది’.

ఆ మాట పుట్టిన రోజే దానికి ఎదురు మాటా పుడుతుంది. ‘కోయిస్తే మాట పోతది, పిల్లగాడు ఎదగడు’ అని ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడతారు. ఈ రెండు మాటల నడుమ తల్లిదండ్రులు నలిగిపోతుంటారు. కొందరు అప్పు చేసి అక్కరలేని ఆపరేషన్ చేయిస్తారు. మరికొందరు తప్పనిసరిగా చేయించవలసిన ఆపరేషన్‌ను ‘పెద్దయితే అదే పోతది’ అని ఏళ్ల తరబడి వాయిదా వేస్తారు. మొదటి పొరపాటు వల్ల డబ్బు, రోజులు, పిల్లవాడి రక్తం నష్టం. రెండో పొరపాటు వల్ల పిల్లవాడి నిద్ర, చదువు, ఒక్కోసారి గుండె నష్టం. కాబట్టి ఎప్పుడు కోయాలో, ఎప్పుడు కోయకూడదో తెలుసుకోవడం ప్రతి ఇంటికీ అవసరం.

బిళ్లలంటే ఏవి?

నోరు బాగా తెరిచి నాలుక కిందికి నొక్కితే, గొంతుకు అటు ఒకటి ఇటు ఒకటి బాదం గింజల వంటి రెండు బిళ్లలు కనిపిస్తాయి. వీటినే టాన్సిల్స్ అంటారు. నోటి ద్వారా, ముక్కు ద్వారా లోపలికి వచ్చే సూక్ష్మక్రిములను గుర్తుపట్టి, వాటిని ఎదుర్కొనే శక్తిని శరీరానికి నేర్పే కాపలాదారుల్లో ఇవి కూడా ఉన్నాయి. ముక్కు వెనుక, కొండనాలుకకు పైన కంటికి కనిపించని చోట ఇదే జాతికి చెందిన మరో బిళ్ల ఉంటుంది. దానిని అడినాయిడ్ అంటారు.

పల్లెల్లో చాలామంది గొంతులో, మెడలో వచ్చే ప్రతి వాపునూ ‘బిళ్లలు’ అనే అంటారు. ఇక్కడే గందరగోళం మొదలవుతుంది. చెవి కింద దవడ ఉబ్బితే అవి గవదలు. వాటికీ టాన్సిల్స్‌కూ సంబంధం లేదు. దవడ కింద చేతికి తగిలే గోలీల వంటివి మెడ గ్రంథులు. గొంతు పుండు పడినప్పుడు అవి ఉబ్బి, తర్వాత తగ్గుతాయి. మెడ ముందు భాగాన వచ్చే గడ్డ థైరాయిడ్‌ది. ఇక నడుమ వేలాడే చిన్న నాలుక కొండనాలుక. అది ‘దిగింది’ అని నడినెత్తి వెంట్రుకలు పట్టి లాగడం, వేలితో ఉప్పు, మిరియాల పొడి పెట్టి ఒత్తడం ఇప్పటికీ అక్కడక్కడా ఉంది. గొంతులో పుండు ఉన్న పిల్లవాడికి ఇది నరకం. పైగా అశుభ్రమైన వేలితో కొత్త క్రిములు చేరతాయి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఊరికే పుట్టలేదు.

మరొక ముఖ్య విషయం. టాన్సిల్స్ పుట్టుకతో చిన్నవిగా ఉండి, మూడేళ్ల నుంచి ఏడేళ్ల వయసు మధ్య బాగా పెరుగుతాయి. ఆ తర్వాత క్రమంగా కుంచించుకుపోతాయి. అయిదేళ్ల పిల్లవాడి గొంతులో బిళ్లలు పెద్దవిగా కనిపించడం ఆ వయసు లక్షణం. పెద్దవిగా ఉన్నాయన్న ఒక్క కారణంతో వాటిని తీయించనక్కరలేదు.

వెయ్యి మంది పిల్లల కథ

ఈ విషయంలో డాక్టర్లు కూడా ఒకప్పుడు ఎంత తొందరపడ్డారో చెప్పే సంగతి ఒకటుంది. 1934లో అమెరికాలోని న్యూయార్క్ నగరంలో పదకొండేళ్ల బడి పిల్లలు 1,000 మందిని పరీక్షించారు. అప్పటికే వారిలో 611 మందికి టాన్సిల్స్ తీసేసి ఉన్నాయి. మిగిలిన 389 మందిని డాక్టర్లకు చూపితే 174 మందికి ఆపరేషన్ అవసరమని చెప్పారు. అవసరం లేదన్న 215 మందిని వేరే డాక్టర్లకు చూపారు. వారు అందులో మరో 99 మందిని ఆపరేషన్‌కు ఎంపిక చేశారు. అక్కడా అవసరం లేదన్న 116 మందిని మూడోసారి ఇంకొందరు డాక్టర్లకు చూపితే, అందులో 51 మందికి కోయాలన్నారు. చివరకు వెయ్యి మందిలో ఏ డాక్టరూ కోయమని చెప్పని పిల్లలు 65 మంది మాత్రమే మిగిలారు.

అంటే ఏమిటి? పిల్లవాడి గొంతు కంటే, చూసే డాక్టరు అలవాటే నిర్ణయం చేసిందన్నమాట. ఆ తర్వాత 1938లో ఇంగ్లండులో గ్లోవర్ అనే వైద్యాధికారి బడి పిల్లల ఆపరేషన్ల లెక్కలు తీశారు. ఒక ప్రాంతానికీ పక్క ప్రాంతానికీ పొంతన లేదు. ఒకచోట కొత్త వైద్యాధికారి వచ్చాక ఆపరేషన్లు బాగా తగ్గిపోయాయి. దానివల్ల పిల్లలకు కీడేమీ జరగలేదు. 1973లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో వెన్‌బర్గ్ అనే డాక్టరు ఇటువంటి లెక్కలే తీశారు. పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్లలో ఒకదానిలో పదిహేనేళ్లు నిండేలోగా నూటికి 70 మంది పిల్లలకు టాన్సిల్స్ తీస్తే, రెండో ఊరిలో నూటికి 20 మందికే తీశారు. ఆ పిల్లల గొంతులు అంత తేడాగా ఉండవు కదా.

ఏటా ఎన్నిసార్లు?

ఈ గందరగోళం నుంచి బయటపడటానికి ఒక కొలత కావలసి వచ్చింది. పిట్స్‌బర్గ్ నగరంలో ప్యారడైజ్ అనే పిల్లల డాక్టరు, ఆయన బృందం ఏళ్ల తరబడి పిల్లలను గమనించి 1984లో తమ ఫలితాలు ప్రకటించారు. ఆ పరిశోధనలో వాడిన కొలతే నేటికీ చాలా దేశాల డాక్టర్లకు ఆధారం. అమెరికా చెవి, ముక్కు, గొంతు డాక్టర్ల సంఘం 2011లో విడుదల చేసి 2019లో సవరించిన మార్గదర్శకాల్లో కూడా ఇదే ఉంది. దీనిని ఏడు, అయిదు, మూడు లెక్క అని గుర్తుంచుకోవచ్చు.

ఒక్క ఏడాదిలో కనీసం 7 సార్లు గొంతు పుండు పడి ఉండాలి. లేదా వరుసగా రెండేళ్లు ఏడాదికి 5 సార్ల చొప్పున వచ్చి ఉండాలి. లేదా వరుసగా మూడేళ్లు ఏడాదికి 3 సార్ల చొప్పున వచ్చి ఉండాలి. అప్పుడే ఆపరేషన్ గురించి ఆలోచించాలి.

గొంతు గరగరలాడిన ప్రతిసారీ లెక్కలోకి రాదు. గొంతు నొప్పితో పాటు 101 డిగ్రీలకు తగ్గని జ్వరం గానీ, మెడ గ్రంథులు ఉబ్బి నొప్పి పెట్టడం గానీ, టాన్సిల్స్ మీద తెల్లని చీము మచ్చలు గానీ, పరీక్షలో స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి తేలడం గానీ, వీటిలో కనీసం ఒకటైనా ఉండాలి. ముక్కు కారుతూ, దగ్గు, తుమ్ములతో వచ్చే గొంతు నొప్పి చాలావరకు జలుబు తాలూకుదే. దానికి టాన్సిల్స్ తీసినా ఉపయోగం లేదు. జలుబు మళ్లీ వస్తూనే ఉంటుంది.

ఈ లెక్కకు సరిపోయిన పిల్లలకు కూడా ఆపరేషన్ చేసి తీరాలని లేదు. ప్యారడైజ్ పరిశోధనలో ఆపరేషన్ చేసిన పిల్లలకు మొదటి రెండేళ్లు గొంతు పుళ్లు బాగా తగ్గాయి. అయితే ఆపరేషన్ చేయని పిల్లల్లో కూడా చాలామందికి కాలం గడిచేకొద్దీ వాటంతట అవే తగ్గుతూ వచ్చాయి. ఈ లెక్క కంటే తక్కువసార్లు వచ్చే పిల్లల మీద 2002లో అదే బృందం మరో పరిశోధన ప్రకటించింది. వారికి కలిగే కొద్దిపాటి లాభం కోసం ఆపరేషన్ ప్రమాదాన్ని నెత్తిన వేసుకోవడం తగదని తేల్చింది.

నోటు పుస్తకం మరువవద్దు

‘మా పిల్లగానికి ఏడాది పొడుగునా గొంతు నొప్పే’ అని చెప్పని తల్లి ఉండదు. బాధ పడిన మనసుకు అలాగే తోస్తుంది. కానీ జ్ఞాపకం మీద ఆధారపడితే లెక్క తప్పుతుంది. 1978లో ప్యారడైజ్ బృందమే దీనిని పరీక్షించింది. తరచుగా గొంతు పుండు వస్తుందని తల్లిదండ్రులు చెప్పిన, కాగితం మీద ఆధారం లేని 65 మంది పిల్లలను దగ్గరుండి గమనిస్తే, చెప్పినంత తరచుగా వచ్చినట్లు తేలింది 11 మందికే.

కాబట్టి పిల్లవాడికి గొంతు పట్టిన ప్రతిసారీ ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. ఏ తేదీన మొదలైంది, జ్వరం ఎంత, బిళ్లల మీద తెల్ల మచ్చలు ఉన్నాయా, ఏ మందు ఎన్ని రోజులు వాడారు, బడి ఎన్ని రోజులు పోయింది అన్న అయిదు సంగతులు చాలు. తల్లిదండ్రులకు చదువు రాకపోతే బడికి పోయే అన్నతోనో అక్కతోనో రాయించవచ్చు. జ్వరం చూసే థర్మామీటరు ఒకటి ఇంట్లో ఉండాలి. చేయి వేసి చూసిన జ్వరం లెక్కకు రాదు. మందుల చీటీలు పారేయకుండా అదే పుస్తకంలో పెట్టాలి. పెద్దాసుపత్రికి పోయినప్పుడు ఈ పుస్తకం డాక్టరు ముందు పెడితే, నోటితో వంద మాటలు చెప్పిన దానికంటే ఎక్కువ పని చేస్తుంది. ఏడాది పాటు రాసిన తర్వాత, అసలు ఆపరేషన్ అక్కరలేదని ఆ పుస్తకమే చెప్పవచ్చు.

రాత్రి గురక తేలిక కాదు

గొంతు నొప్పి లేకపోయినా ఆపరేషన్ అవసరమయ్యే సందర్భం ఒకటుంది. ఊళ్లలో దీనిని ఎవరూ పట్టించుకోరు. అదే పిల్లల గురక. ‘అలసి పడుకున్నాడు, తాత లెక్క గురక పెడుతున్నాడు’ అని నవ్వుకుంటారు. కానీ పిల్లలు రోజూ గురక పెట్టడం నవ్వులాట విషయం కాదు.

టాన్సిల్స్, అడినాయిడ్ బాగా పెరిగి గాలి దారిని మూసేస్తే, నిద్రలో పిల్లవాడికి ఊపిరి ఆగి ఆగి వస్తుంది. గురక పెడుతూ పెడుతూ ఒక్కసారి నిశ్శబ్దమైపోతాడు. ఛాతీ ఎగిసిపడుతుంది గానీ గాలి లోపలికి పోదు. కొద్ది క్షణాలకు ఉలిక్కిపడి గుటక వేసినట్లు ఊపిరి తీసుకుంటాడు. ఇలా రాత్రికి పదుల సార్లు జరగవచ్చు. ఇటువంటి పిల్లలు నోరు తెరుచుకుని, మెడ వెనక్కి విరుచుకుని పడుకుంటారు. చెమటలు పడతాయి. పెద్దయిన పిల్లలు కూడా పక్క తడుపుతారు. పగలు బడిలో తూగుతారు, లేదా కుదురు లేకుండా గంతులు వేస్తారు. పాఠం తలకెక్కదు. ‘మొద్దు’ అని బడిలో పేరు పడుతుంది. కొందరు తగినంత బరువు పెరగరు. ఏళ్ల తరబడి ఇలాగే సాగితే గుండె మీద, ఊపిరితిత్తుల మీద భారం పడుతుంది.

ఈ పిల్లలకు మొదటి వైద్యం సాధారణంగా టాన్సిల్స్, అడినాయిడ్ తీసివేయడమే. ఇక్కడ ఏడు, అయిదు, మూడు లెక్క వర్తించదు. 2013లో అమెరికాలో ప్రకటించిన ఒక పరిశోధనలో ఇటువంటి 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు 464 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి ఆపరేషన్ చేశారు. రెండో భాగాన్ని ఆపరేషన్ లేకుండా గమనించారు. ఏడు నెలల తర్వాత ఆపరేషన్ జరిగిన వారిలో నూటికి 79 మందికి నిద్రలో ఊపిరి సరిపడింది. జరగని వారిలో నూటికి 46 మందికే సరిపడింది. ఆపరేషన్ అయిన పిల్లల ప్రవర్తన, రోజువారీ జీవితం కూడా మెరుగుపడ్డాయి. అయితే ఆపరేషన్ లేకుండానే దాదాపు సగం మందికి సరిపడిందన్న సంగతి కూడా గమనించాలి. అంటే లక్షణాలు తక్కువగా ఉన్న పిల్లలను కొన్ని నెలలు కనిపెట్టి చూడవచ్చు. ఎక్కువగా ఉన్నవారి విషయంలో ఆలస్యం చేయరాదు.

పిల్లవాడు వారానికి మూడు రాత్రులకు మించి గురక పెడుతుంటే, నిద్రపోతున్నప్పుడు రెండు మూడు నిమిషాలు సెల్‌ఫోనులో వీడియో తీసి డాక్టరుకు చూపాలి. పగలు ఆసుపత్రిలో మేలుకుని కూర్చున్న పిల్లవాడిని చూస్తే డాక్టరుకు తెలియని సంగతి ఆ వీడియోలో తెలుస్తుంది.

మరికొన్ని సందర్భాలు

టాన్సిల్ పక్కన చీముగడ్డ కట్టడం ఇంకొకటి. నొప్పి ఒకవైపే విపరీతంగా ఉంటుంది. నోరు తెరుచుకోదు, సొల్లు కారుతుంది, నోట్లో ఏదో పెట్టుకున్నట్లు మాట ముద్దగా వస్తుంది. ఇది ఆగదు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లి చీము తీయించాలి. ఒకసారి వచ్చి తగ్గితే టాన్సిల్స్ తీయనక్కర లేకపోవచ్చు. మళ్లీ మళ్లీ వస్తే తీయవలసి ఉంటుంది.

పెద్దవాళ్లలో ఒకవైపు టాన్సిల్ మాత్రమే పెరుగుతూ పోవడం, దాని మీద మానని పుండు, మెడలో గట్టి గడ్డ, కారణం లేకుండా చిక్కిపోవడం వంటివి ఉంటే క్యాన్సర్ అనుమానంతో పరీక్ష చేయించాలి. బీడీ, చుట్ట, గుట్కా, మద్యం అలవాటు ఉన్నవారు అసలు ఉపేక్షించరాదు. ఇక్కడ ఏడాదికి ఎన్నిసార్లన్న లెక్క లేదు.

గొంతులో బూడిద రంగు పొర దళసరిగా కట్టి, మెడ ఉబ్బి, పిల్లవాడు నీరసించిపోతే అది టాన్సిల్స్ కాక డిఫ్తీరియా, అంటే కంఠసర్పి కావచ్చు. టీకాలు సరిగా వేయించని పిల్లలకు ఇది ప్రాణాంతకం. గంటలు లెక్కబెట్టవలసిన వ్యాధి ఇది.

పెద్దవాళ్లకు తరచుగా గొంతు పుండు వస్తే కోయించాలా అన్న ప్రశ్నకు బ్రిటన్‌లో 27 ఆసుపత్రుల్లో 453 మంది మీద జరిపిన పరిశోధన 2023లో జవాబు చెప్పింది. రెండేళ్ల కాలంలో ఆపరేషన్ చేయించుకున్నవారు 23 రోజులు, చేయించుకోనివారు 30 రోజులు గొంతు నొప్పితో బాధపడ్డారు. లాభం ఉంది. అయితే ఆపరేషన్ అయినవారిలో నూటికి 19 మందికి ఎంతో కొంత రక్తస్రావం అయింది. ఆ రెండూ తూచి చూసుకుని ఎవరికి వారు నిర్ణయించుకోవలసిందే.

కోత కంటే ముందు కోర్సు

గొంతు పుండు విషయంలో అన్నిటికంటే పెద్ద భయం గుండె జబ్బు. స్ట్రెప్టోకాకస్ క్రిమి వల్ల వచ్చే గొంతు పుండుకు సరైన మందు పడకపోతే, రెండు నుంచి నాలుగు వారాల తర్వాత కొందరు పిల్లలకు కీళ్ల జ్వరం వస్తుంది. మోకాలు, చీలమండ, మోచేయి ఒకదాని తర్వాత ఒకటి వాచి నొప్పి పెడతాయి. కీళ్ల నొప్పులు తగ్గిపోతాయి గానీ గుండె కవాటాలు చెడిపోవచ్చు. 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు ఈ ప్రమాదం ఎక్కువ. పెళ్లయి కాన్పు సమయంలో ఆయాసం వచ్చేదాకా గుండె చెడిన సంగతి తెలియని ఆడపిల్లలు కూడా ఉంటారు.

దీనికి విరుగుడు టాన్సిల్స్ కోయడం కాదు. మందు పూర్తిగా వాడటం. డాక్టరు పెన్సిలిన్ జాతి గోలీలు పది రోజులకు రాస్తే పది రోజులూ వేయాలి. రెండు రోజులకు జ్వరం తగ్గిందని ఆపేసి, మిగిలిన గోలీలు వచ్చేసారికి దాచిపెట్టడం పల్లెల్లో మామూలు. తక్కువ ఖర్చుతో పోయే వ్యాధిని గుండె దాకా తీసుకువెళ్లేది ఈ అలవాటే. అలాగని ప్రతి గొంతు నొప్పికీ ఈ మందులు అడగరాదు. చాలా గొంతు నొప్పులు మందు అవసరం లేని వైరస్ వల్ల వచ్చి, వారం రోజుల్లో పోతాయి. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించడం, జ్వరానికి పారాసిటమాల్, జావ, మంచినీళ్లు చాలు.

ఒకసారి కీళ్ల జ్వరం వచ్చిన పిల్లలకు మూడు, నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ సూది ఏళ్ల తరబడి వేయించాలి. ‘టాన్సిల్స్ తీసేశాం కదా’ అని ఆ సూది మానితే గుండెకు ముప్పు తప్పదు.

కోయించే ముందు

ఆపరేషన్ నిర్ణయమైతే, మత్తు మందు ఇచ్చి నోటి ద్వారానే చేస్తారు. బయట కోత, కుట్లు ఉండవు. అరగంట నుంచి గంట పడుతుంది. ముందుగా రక్త పరీక్షలు చేస్తారు. చిన్న దెబ్బకే రక్తం ఆగకపోవడం, పళ్లు పీకించినప్పుడు ఎక్కువగా కారడం, ఇంట్లో ఎవరికైనా అటువంటి వ్యాధి ఉండటం వంటివి దాచకుండా చెప్పాలి. ఊగుతున్న పళ్లుంటే మత్తు డాక్టరుకు చూపాలి. గొంతు పుండు, జ్వరం ఉన్న రోజుల్లో ఆపరేషన్ చేయించరాదు. తగ్గి రెండు మూడు వారాలు గడవాలి. మత్తు ఇచ్చే ముందు ఆరు గంటలు అన్నం పెట్టరాదు. ‘ఆకలికి ఏడుస్తున్నాడు’ అని చాటుగా బిస్కెట్ పెడితే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి రావచ్చు.

ఇంటికి వచ్చాక పది రోజుల నుంచి రెండు వారాలు నొప్పి ఉంటుంది. చెవుల్లో కూడా నొప్పి పుడుతుంది. అది చెవి జబ్బు కాదు. కోసిన చోట తెల్లగా, పసుపుగా పొర కడుతుంది. అది చీము కాదు, మానుతున్న గుర్తు. నొప్పి అని పిల్లవాడు మింగడం మానేస్తే ఒళ్లు ఎండిపోతుంది. చల్లని మజ్జిగ, జావ, మెత్తని పెరుగన్నం, మంచినీళ్లు కొద్దికొద్దిగా పట్టిస్తూనే ఉండాలి. నొప్పి మందు డాక్టరు రాసిందే వేయాలి. ఆస్పిరిన్ వేయరాదు. కొడీన్ కలిసిన మందులు ఈ ఆపరేషన్ అయిన పిల్లలకు ఇవ్వరాదని అమెరికా ఔషధ సంస్థ 2013లోనే హెచ్చరించింది.

అసలు జాగ్రత్త రక్తం గురించి. మొదటి 24 గంటల్లో ఒకసారి, మళ్లీ పొర ఊడే సమయంలో, అంటే అయిదో రోజు నుంచి పదో రోజు మధ్య రక్తం కారే ప్రమాదం ఉంది. నూటికి కొద్దిమందికే ఇలా జరిగినా, జరిగినప్పుడు ఆలస్యం ప్రాణాంతకం. పిల్లవాడు నిద్రలో మాటిమాటికీ గుటకలు వేయడం, ఎర్రగా ఉమ్మడం, నల్లని కాఫీ రంగు వాంతి కావడం దీనికి గుర్తులు. తెల్లవారేదాకా చూద్దామనుకోకుండా అప్పటికప్పుడు 108కి ఫోన్ చేసి ఆపరేషన్ చేసిన ఆసుపత్రికో, దగ్గరలోని పెద్దాసుపత్రికో చేరాలి. నాట్లు, కోతలు, పెళ్లిళ్లు ఉన్న వారాల్లో ఆపరేషన్ పెట్టుకోకపోవడం మంచిది. ఆ పది రోజులూ ఇంట్లో పెద్ద మనిషి ఒకరు కాపలా ఉండాలి. బస్సు లేని ఊరివారు రాత్రివేళ ఎలా చేరుకుంటారో ముందే చూసుకోవాలి.

ఇక మాట పోతుందన్న భయం అక్కరలేదు. మాట వచ్చే చోటు వేరు, టాన్సిల్స్ చోటు వేరు. మొదట కొన్నాళ్లు గొంతు కొద్దిగా మారినట్లు అనిపించవచ్చు. పిల్లలు ఎదగరన్నదీ నిజం కాదు. ఊపిరాడక చిక్కిపోయిన పిల్లలు ఆపరేషన్ తర్వాతే బరువు పెరుగుతారు. అలాగే టాన్సిల్స్ తీస్తే ఆకలి పుడుతుందని, జలుబు రాదని కోయించడమూ పొరపాటే. రోగనిరోధక శక్తి పూర్తిగా పోదు, మిగిలిన గ్రంథులు ఆ పని చూసుకుంటాయి. అయితే డెన్మార్క్‌లో సుమారు 12 లక్షల మంది పిల్లల రికార్డులు పరిశీలించి 2018లో ప్రకటించిన అధ్యయనంలో, చిన్నతనంలో టాన్సిల్స్ తీసినవారికి తర్వాత శ్వాసకోశ వ్యాధులు కొంత ఎక్కువగా కనిపించాయి. దానికి ఆపరేషనే కారణమని తేలలేదు. అయినా అవసరం లేని చోట కోయరాదనడానికి ఇది మరో కారణం.

ఎక్కడికి వెళ్లాలి?

మామూలు గొంతు నొప్పికి ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించాలి. బడులకు, అంగన్‌వాడీలకు వచ్చే బాల స్వాస్థ్య వైద్య బృందానికి కూడా పిల్లవాడి సంగతి చెప్పాలి. 2013లో మొదలైన ఈ కార్యక్రమంలో కీళ్ల జ్వరం వల్ల వచ్చే గుండె జబ్బును కూడా గమనిస్తారు. నిర్ణయం చేయవలసింది మాత్రం చెవి, ముక్కు, గొంతు డాక్టరు. నల్లగొండ, సూర్యాపేటలలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. కేతేపల్లి నుంచి సూర్యాపేటకు పోయే బస్సు విజయవాడ రోడ్డు మీదే దొరుకుతుంది. హైదరాబాదు కోఠిలో చెవి, ముక్కు, గొంతు వ్యాధులకే ప్రత్యేకంగా సర్కారు దవాఖాన ఉంది. ప్రైవేటులో చేయించదలచినవారు ఖర్చెంతో, ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. ఒక డాక్టరు కోయాలన్న తర్వాత రెండో డాక్టరుకు చూపించుకోవడం తప్పు కాదు, అవమానమూ కాదు. న్యూయార్క్ పిల్లల కథ నేర్పేది అదే.

డాక్టరును అడగవలసినవి మూడే ప్రశ్నలు. మా పిల్లవాడికి ఎందుకు కోయాలి? కోయకుండా ఆరు నెలలు ఆగితే ఏమవుతుంది? కోసిన తర్వాత రక్తం కారితే అర్ధరాత్రి ఎవరిని పిలవాలి? ఈ మూడింటికీ ఓపికగా, సూటిగా జవాబు చెప్పిన చోట పిల్లవాడిని అప్పగించవచ్చు.

ఏడాదికి రెండు మూడుసార్లు గొంతు పట్టే పిల్లవాడికి కావలసింది కత్తి కాదు, పూర్తి కోర్సు మందు, ఒక నోటు పుస్తకం, కొంత ఓపిక. రాత్రిళ్లు ఊపిరాడక ఉలిక్కిపడే పిల్లవాడికి ఇక ఓపిక పనికిరాదు, డాక్టరు కావాలి. ఈ ఇద్దరినీ వేరుచేసి చూడగలిగితే చాలు. అందుకు పెద్ద చదువు అక్కరలేదు. ఈ రాత్రి పిల్లవాడు నిద్రపోయాక దీపం దగ్గరగా పెట్టుకుని, ఒక గడియ పక్కన కూర్చుని వాడి ఊపిరి వింటే సరిపోతుంది.